తడిసిన తాడు

ఎర్ర పుస్తకమని పేరే గానీ
నాలుగంటే నాలుగు పేజీలు.
ఇరవై రెండేళ్ళు బియ్యం డబ్బా అడుగున దాచాను.
ఎలకలు అట్ట మూల కొరికాయి,
అంకెల జోలికి పోలేదు.

మొన్న బుధవారం కాగితం వచ్చింది.
"యి థిమ్ అయున్ పేర జారీ అయిన భూమి పత్రము
పరిపాలనా పొరపాటు కారణముగా
రద్దు చేయడమైనది."

చేయడమైనది.
ఎవరు చేశారంటే, అయింది.
పొరపాటు ఎవరిదంటే, జరిగింది,
దక్ లక్ కొండల మీద పొగమంచు దిగినట్టు.
ఆ వాక్యంలో కర్త కోసం
కాఫీ గింజల్లో రాయి ఏరినట్టు ఏరాను.
దొరికిందల్లా మా ఆయన పేరే.
ఆయన పోయి ఆరేళ్ళు.

ఆఫీసులో ఉయెన్ అనే పిల్ల, కొత్త ఉద్యోగం,
పలకలాంటి దాంట్లో మా మిరియాల తోట చూపించింది.
ఆకాశం నుంచి చూస్తే అరచేయంత.
"మీది నూట డెబ్బై నాలుగు, హ్నువాన్ గారూ.
నూట నలభై ఏడని పడింది.
అది వాగవతల దోవాన్ గారిది.
పైగా రెండొందల చదరపు మీటర్లు ఎక్కువ రాశారు."
చేతప్పు, అంది.

ఆ చెయ్యి నాకు గుర్తుంది.

ఖియెత్ గారు నడి వానాకాలంలో వచ్చాడు.
బువొన్ మా థువోత్ నుంచి తెచ్చిన జీపు
బురదలో దిగబడితే నడిచొచ్చాడు,
భుజాన జనపతాడు చుట్ట, ఐదు మీటర్లకో ముడి.
ఒక కొస ఆయన పట్టాడు,
రెండో కొస నేను.
మా ఆయన ఆ రోజు కలపకని అడివికి పోయాడు.
తడిస్తే తాడు పొట్టిదవుతుంది,
గేదెని కట్టేసే ఏ పిల్లాడినడిగినా చెబుతాడు.
నేనూ చెప్పాను.
ఆయన నవ్వి ముడులు లెక్కపెట్టుకున్నాడు.
తాడు పొట్టిదైన కొద్దీ మా నేల పెరిగింది,
కాగితం మీద.

చీకటిపడ్డాక మా పొడుగింటికి ఎక్కాడు.
మా నిచ్చెన ఒకటే మాను,
పైకొసన రెండు స్తనాలు చెక్కి ఉంటాయి.
వాటిని పట్టుకునే ఎవరైనా లోపలికి రావాలి.
ఇల్లూ నేలా కూతుళ్ళవని
అక్షరం రానివాళ్ళ కోసం
మా అమ్మమ్మలు రాయించిన పట్టా అది.
కుడిచేత్తో పట్టుకుని ఎక్కాడు,
జాడీలో వెదురుగొట్టం పెట్టి బియ్యపు కల్లు తాగాడు,
అదే కుడిచేత్తో కలం తీసి
ఇంటి యజమాని అన్న గడిలో
మా ఆయన పేరు రాశాడు.

నేల నాది, అన్నాను.
గడి ఒకటే ఉందమ్మా, అన్నాడు.

ఇప్పుడీ పిల్లతో అన్నాను:
దిద్దుతున్నారు, సంతోషం.
ఇది కాదు, దిద్దాల్సింది ఇంకొకటుంది.
ఆమె ఆ గడి కేసి చూసింది.
"అది తప్పు కిందికి రాదండీ, అప్పటి ఫారం అంతే."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"మా అమ్మదీ అలాగే ఉంది" అంది.

దోవాన్ గారు తన పుస్తకం
ఎరువుల సంచి ముక్కలో చుట్టుకొచ్చాడు.
ఇద్దరం ఒకే బల్ల మీద.
"నీ నేల నేను తాకట్టు పెట్టాను,
నా నేల నువ్వు పెట్టావు,
బ్యాంకువాడు ఇద్దర్నీ నమ్మాడు" అని
పళ్ళు లేని నోటితో నవ్వాడు.
నాలుగో పేజీలో నా ముద్రలు మూడు:
మిరియం తీగలకు స్తంభాలు.
వేరుకుళ్ళు వచ్చిన ఏడు.
మా ఆయన ఆసుపత్రి.
స్వేచ్ఛగా అప్పగిస్తున్నాను అన్న చోట
సంతకం పెట్టమన్నారు.
పెట్టాను. అరవై రోజులన్నారు.
ఈలోగా అప్పు పుట్టదు,
మిరియం మాత్రం ఎర్రబడుతుంది.

మళ్ళీ కొలుస్తారట, ఈసారి ఆకాశం నుంచి,
తాడక్కర్లేదట.
ఖియెత్ గారు ఆ రాత్రి మరిచిపోయిన చుట్ట
ముక్కలు ముక్కలుగా తీగలు కట్టడానికి వాడేశాను.
రెండు ముడుల ముక్క ఒకటి ఇంకా చూరుకి వేలాడుతోంది,
ఎండకి సాగుతూ, వానకి ముడుచుకుంటూ.

రండి. కొత్త ఫారం తెండి.
నిచ్చెన జారుతుంది, జాగ్రత్త.
ఏది పట్టుకుని పైకొచ్చారో
రాసేటప్పుడు గుర్తుంచుకోండి.